అంపియా ఇంటి ఉప్పు గది

జూన్ 12, మంగళవారం

వాన. మంగళవారం సముద్రానికి సెలవు గనక పడవలు ఎలాగూ లోపలికి వెళ్ళవు, ఊళ్ళో మగవాళ్ళంతా ఖాళీగానే ఉన్నారు. అయినా మా మ్యూజియం గుమ్మం తొక్కినవాడు ఒక్కడు లేడు. కోట చూడ్డానికి మాత్రం అక్రా నుంచి బస్సు వచ్చింది. అనొమాబు వచ్చే ప్రతివాడికీ కోటే కావాలి. తెల్లవాళ్ళు కట్టిందంటే అదో మోజు. మా వంశపు పాతకాలం వర్తకుడు అంపియా కట్టిన ఇల్లు, అదే మా మ్యూజియం, కోటకి కూతవేటు దూరంలో ఉంది. మట్టి కొట్టి లేపిన గోడలు, పైన మేడ, ముందు వరండా. పామాయిలు అమ్మి కట్టాడు. ఎవరినీ భయపెట్టడానికి కట్టలేదు కాబట్టి ఎవరూ చూడరు.

మ్యూజియం చూసుకునే డాక్టర్ ఎవురామా, పాత కట్టడాల చదువు చదివిన మనిషి, పొద్దున్నే మేడమీది హాల్లో నేలపలక ఒకటి ఎత్తించి, కింద దూలంలోకి చిన్న కత్తి గుచ్చింది. మాగిన అరటిపండులో దిగినట్టు దిగింది. చెదలు. దూలం వెంబడి గుచ్చుకుంటూ వెళ్ళింది, మెత్తగా తగిలిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసింది. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి గీతలే. లేచి చేతులు దులుపుకుని, "ఎగ్యా, రేపట్నుంచి మేడమీదికి ఒకేసారి ఆరుగురికి మించి ఎక్కకూడదు" అంది. ఎగ్యా అంటే తండ్రి. ఊళ్ళో ప్రతి ముసలాణ్ణీ అలాగే పిలుస్తారు. ఆమె పిలిస్తే మాత్రం నేను కొంచెం నిటారుగా నిలబడతాను.

మధ్యాహ్నానికల్లా బోర్డు రాసేశాను. ఎర్ర అక్షరం, పసుపు అంచు. జీవితమంతా లారీల మీద రాసిన చెయ్యి ఇది. లారీ అక్షరం వేరు, గోడ అక్షరం వేరు. లారీ పరిగెడుతుంది, చూసేవాడికి దక్కేది ఒక్క చూపు, అంచేత అక్షరం లావుగా ఉండాలి. మ్యూజియంలో చదివేవాడు నిలబడతాడు, ఆవలిస్తాడు కూడా. అక్కడ సన్నగా రాయొచ్చు. ఈ సంగతి ఏ బళ్ళోనూ చెప్పరు. నాకు బడి ఎలాగూ నాలుగో తరగతితో సరి.

జూన్ 14, గురువారం

అక్క కాళ్ళు వాచాయి. వానాకాలం కదా.

జూన్ 20, బుధవారం

ఇవాళ వచ్చినవాళ్ళు ఇత్తడి మంచం మీద కూర్చుంటామన్నారు. కూర్చోనివ్వలేదు. పోయినేటి పెళ్ళిజంట సంగతి గుర్తొచ్చింది, ఇక్కడ రాసుకోకపోతే మరిచిపోతాను.

అక్రా నుంచి వచ్చారు ఇద్దరూ, పెళ్ళిబట్టల్లోనే. ఫోటో తీసేవాడు వెంట ఉన్నాడు. నేను కింద టికెట్లు చింపుతుంటే వాళ్ళు పైకెక్కి, తాడు దాటి, ఇత్తడి మంచం మీద కూర్చుని ఒకరి మీద ఒకరు వాలి ఫోటోలు దిగారు. ఆ ఫోటోలు పెళ్ళికూతురి తల్లి దాకా వెళ్ళాయి. ఆవిడది మా పక్క ఊరే. ఫోటో చూసి ఆవిడ కుర్చీలోంచి జారిపోయిందట. ఎందుకంటే ఆ మంచం మీద ప్రాణంతో పడుకున్నవాడు ఈ ఇంట్లో ఒక్కడూ లేడు. శవాన్ని కడిగి, పట్టుబట్ట కట్టి, ఊరంతా కడసారి చూడ్డానికి పడుకోబెట్టే మంచం అది. హాలు కూడా అందుకే. పాపం ఆవిడ ఒక గొర్రెనీ, మందుసీసానీ పట్టుకొచ్చి, పిల్ల తరఫున ఇంటికి క్షమాపణ చెప్పుకుని వెళ్ళింది. గొర్రె బాగుంది.

ఆ తప్పులో నాకూ కొంత వాటా ఉందంటుంది ఎవురామా. మంచం దగ్గర బోర్డు మీద 'అంపియా గారి మంచం' అని రాసింది నేనే గదా. ఆ గొడవయ్యాక ఆమె ఆ బోర్డు మార్పించి, ఉన్నమాట రాయించింది. నేను సణిగాను. రాశాక చూసుకుంటే అక్షరాలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి.

అమ్మని ఆ మంచం మీదే పడుకోబెట్టాం. అమ్మమ్మనీ. ఇల్లు మ్యూజియంగా ఇచ్చేటప్పుడు వంశం పెట్టిన షరతు ఒకటే: మా వాళ్ళు పోతే ఆ హాలూ, ఆ మంచమూ మావే. ఎవురామా ఒప్పుకుంది. శవం ఎక్కని ఇల్లు ఇల్లెలా అవుతుంది అంది. ఆ మాటకే ఆమె నాకు నచ్చింది.

జూన్ 27, బుధవారం

అక్కకి ఆరుగురి సంగతి చెప్పాను. తను పెరట్లో గదిలోనే ఉంటుంది, ఇంటికి కాపలా అన్నట్టు. మా వంశంలో ఆడవాళ్ళందరికీ పెద్ద తనే. అందరికీ అరబా మన్సా, నాకొక్కడికే అక్క.

అక్క నవ్వి, "అయితే నేను పోతే ఆరుగురే వస్తారన్నమాట. పర్లేదు, వాళ్ళకి తిండి బాగా పెట్టండి" అంది.

అలాంటి మాటలొద్దన్నాను. నేల కింద గుంజలు ఊతంగా పెట్టిస్తే ఊరంతా ఎక్కినా ఏమీ కాదన్నాను. మాటిచ్చాను.

జూలై 3, మంగళవారం

గుంజలకి కొలతలు తీయించాను. హాలుకి సరిగ్గా కింద ఉన్నది ఉప్పు గది, గుంజలన్నీ అందులోనే దిగాలి. నాకు నడుం నొప్పిగా ఉండి వడ్రంగినే లోపలికి పంపాను.

ఉప్పు గది అని పేరు పెట్టింది నేనే. వచ్చినవాళ్ళు అడుగుతారు కదా, తలుపుకి గడియ బయటివైపు ఎందుకుంది అని. ఆ రోజుల్లో ఉప్పు దొంగతనం ఎక్కువ అంటాను. కిటికీ అంత పైన, అంత చిన్నగా ఎందుకుంది అంటారు. ఉప్పుకి గాలి తగిలితే చెమ్మగిల్లుతుంది అంటాను. అందరూ తల ఊపుతారు. అక్కణ్ణుంచి నేరుగా మేడ మీదికి తీసుకెళ్ళి, గోడ మీద మా ముత్తవ్వ అద్వొవా ఫోటో చూపిస్తాను. ఫోటోలో బుగ్గల మీద గీతల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. చిన్నప్పుడు జ్వరానికి మందు పెట్టడానికి గీసిన గాట్లు అంటాను. అది నిజం కూడా కావచ్చు.

ఎవురామా ఇంట్లో ప్రతి గదికీ వివరం రాయించింది, చివరికి కోళ్ళగూటికి కూడా. ఆ గదికి మాత్రం అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

జూలై 9, సోమవారం

అక్క ఇవాళ కెంకె, మొక్కజొన్న ముద్ద, సగం తింది. చేప కూడా. కోలుకుంటోంది.

జూలై 15, ఆదివారం

ఏం రాయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చర్చి అయ్యాక అక్క అందర్నీ పిలిపించింది. అందర్నీ అంటే నన్నూ, తన కూతురు గ్లాడిస్‌నీ, తవియానీ. తవియా మా పిన్ని కొడుకు, రెండేళ్ళుగా వంశపెద్ద. పెద్దరికం కుర్చీ ఎక్కినప్పటి నుంచి నడక మారింది, వాడి చెప్పులు కూడా వాడికంటే ముందు నడుస్తున్నట్టుంటాయి. గ్లాడిస్ పొగచేప అమ్ముకుంటూ అలాగే వచ్చింది, గదంతా పొగ వాసన.

అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది. "ఒరేయ్ క్వమెనా, కింది గదిలో గుంజలు పాతిస్తున్నావట. ఎవరికోసం?" అంది.

"నీకోసమేనక్కా. రేపెప్పుడో..."

"రేపెప్పుడో కాదు, ఈ వానలు వెలిసేలోపు. సిగ్గుపడకుండా అను." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ గుంజలు తీయించెయ్. నన్ను మేడ ఎక్కించొద్దు. మంచం కిందికి దించండి. ముత్తవ్వ గదిలో పడుకుంటాను."

తవియా కుర్చీలోంచి ముందుకి జరిగాడు. "కింద పడుకోబెట్టేది ఎవరిని? తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు. ముత్తవ్వని అక్కడే పడుకోబెట్టారు. బతికినన్నాళ్ళూ పడుకున్నదీ అక్కడే. అక్కడ ఉప్పెప్పుడూ లేదు. ఉప్పు ఉన్నది వీడి బుర్రలో." నా వైపు చూడకుండానే అంది.

తర్వాత అక్క చెప్పింది. ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పింది. మా పద్ధతిలో ఇల్లు కొడుకులకి రాదు, అక్కచెల్లెళ్ళ పిల్లలకి వస్తుంది. అంపియాకి ఉన్న ఒక్క చెల్లెలికీ ఆడపిల్ల పుట్టలేదు. వంశం ఆగిపోతుందని ఉత్తరాది నుంచి, దగాబా దేశం నుంచి తోలుకొచ్చిన ఒక పిల్లని కొన్నాడు. పారిపోకుండా కింది గదిలో ఉంచారు, బయట గడియ పెట్టారు. పెద్దయ్యాక చెల్లెలి కూతురని పేరు పెట్టి వంశంలో కలిపేశారు. ఆ పిల్లే మా ముత్తవ్వ, ఆమె సంతానమే మేం. అద్వొవా అన్నది ఇక్కడి పేరు. తల్లి పెట్టిన పేరు అయువో, బుగ్గల మీద గీతలు అక్కడి జాతి గుర్తులు. అమ్మమ్మ అక్క చెవిలో చెప్పిందట, అక్క ఎవరికీ చెప్పలేదు.

నాకు ఇదేమీ తెలియదని రాయబోయి ఆగాను.

మా దేశంలో ఒకరి పుట్టుక ఇంకొకరు బయటపెట్టడం నేరం. రాజుల నాటి కట్టుబాటు. అందుకే ఊళ్ళో పాత ఇళ్ళన్నిటిలోనూ ఇలాంటి గదులున్నాయి, అన్నిటిలోనూ ఉప్పో, యామ్ దుంపలో ఉంటాయి. తవియా ఆ కట్టుబాటే ఎత్తాడు. కేప్ కోస్ట్‌లో అంపియా పినతల్లి పిల్లల శాఖ ఒకటుంది, వాళ్ళకిది తెలిస్తే పెద్దరికం మాది అంటారన్నాడు. "నా కుర్చీ ఏమవుతుంది?" అన్నాడు.

"కుర్చీ నీ వీపుకి అంటుకుని పుట్టలేదు కదా" అంది అక్క. "ఇంకొకరి పుట్టుక చెప్పకూడదన్నారు. నాది నేను చెప్పుకుంటే ఎవడొస్తాడు పంచాయితీకి? కోటలో బానిసల గది టికెట్టు పెట్టి చూపిస్తున్నాం, ఎందుకంటే అది తెల్లవాడి తప్పు. ఈ గది మనింట్లోది, అందుకని తలుపేసుకున్నాం. కేప్ కోస్ట్ వాళ్ళు సిమెంటు ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. ప్రతి వానాకాలం తర్వాతా ఈ మట్టిగోడకి పూత వేసిందెవరు? అమ్మమ్మ, అమ్మ, నేను. కొనుక్కొచ్చినదాని పిల్లలు నిలబెట్టిన ఇల్లిది. అది చెప్పుకోడానికి మీకు సిగ్గేమో. నేను మాత్రం మంచం మీద పడుకుని చెప్పుకుంటాను."

గ్లాడిస్ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని, "మీ ఇద్దరూ ఎంత నోరు తెరిచారంటే, ఒక్కో చేప పట్టేలా ఉంది మామయ్యా" అని వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక ఏడ్చింది.

జూలై 16, సోమవారం

ఎవురామా మీద విరుచుకుపడ్డాను. చదువుకున్నవాళ్ళొచ్చి ముసలిదాని చేత ఏవేవో చెప్పించారన్నాను. ఇల్లు చూడమని ఇస్తే పొట్ట కోసి పేగులు లెక్క పెడుతున్నారన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను.

ఆమె నేను అన్నంతసేపూ విని, అక్క తనకీ సంగతి పోయిన ఏడాదే చెప్పిందంది. రికార్డు చేయించుకుని మరీ చెప్పిందట. తను పోయేదాకా ఎవరికీ వినిపించకూడదన్న షరతు మీద.

"ఏడాదంతా నీకు తెలిసి కూడా, నేను ఉప్పు ఉప్పు అంటుంటే వింటూ ఊరుకున్నావా?"

"గోడ ఏ కాలందో నేను చెప్పగలను ఎగ్యా. ఆ గదిలో ఎవరున్నారో చెప్పాల్సింది మీ ఇంటివాళ్ళు. మీరు చెప్పేదాకా ఆ గదికి బోర్డుండదు, మీరు చెప్పకపోతే ఎప్పటికీ ఉండదు. దాని బదులు అబద్ధం రాయమంటే అదీ రాయను."

కోపం పోలేదు. పోయిందనుకున్నా పోలేదు. అయినా ఇంత నిక్కచ్చి మనిషి మా ఇంటికి దొరికినందుకు, కోపంలోనే, గర్వంగా అనిపించింది. ఇది ఆమెకి చెప్పను.

జూలై 24, మంగళవారం

అక్రా నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, దూలాలు చూడ్డానికి. పేరు అటంగా. ఉత్తరాది మనిషి, ఫ్రఫ్రా వాడు. బిగించి ఇస్త్రీ చేసిన చొక్కా, నవ్వని మొహం. మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, వచ్చిన పని అడిగాం. "దూలాలు" అన్నాడు. అంతే. ఇంత తక్కువ మాట్లాడేవాణ్ణి నేను సమాధి రాళ్ళ మీద కూడా చూడలేదు. అటూ ఇటూ గుచ్చి చూసి, వచ్చే వానాకాలం లోపు కొత్త దూలాలు పడాలి, పడితే ఇల్లు సర్కారు కాపాడే ఇళ్ళ జాబితాలో ఉంటుంది, పడకపోతే మూత అన్నాడు.

పోతూ పోతూ ముత్తవ్వ ఫోటో ముందు ఆగి బుగ్గల మీద గీతలు చూశాడు. జ్వరం మందు అన్నాను, అడక్కుండానే. నా వంక కాసేపు చూసి, పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆగస్టు 2, గురువారం

అక్క బాగుంది. ఇవాళ నన్ను తిట్టింది కూడా. గుంజలు తీయించాను, గది ఖాళీగా ఉండాలని. తను అడిగిందని కాదు. చెదలు గుంజలకీ పడతాయి కదా.

ఆగస్టు 6, సోమవారం

అక్క పోయింది.

ఆగస్టు 9, గురువారం

పాత లారీ ఒకటి ఎదురైంది. బోర్డు నేను రాసిందే. అక్షరాలు ఇంకా చెదరలేదు. అక్కకి చెబుదామని ఇంటి దాకా గబగబా వచ్చేశాను.

ఆగస్టు 18, శనివారం

వంశమంతా కూర్చున్నాం. మా దగ్గర చుట్టాలంతా చేరేదాకా శవాన్ని వారాల తరబడి మార్చురీలోనే ఉంచుతారు. కేప్ కోస్ట్ శాఖ నుంచి ముగ్గురు పెద్దమనుషులొచ్చారు. తవియా మందు నేల మీద ధారగా పోసి, పోయిన పెద్దల్ని పిలిచాడు. తర్వాత, హాలు బలహీనంగా ఉంది కాబట్టి పెరట్లో షామియానా వేసి అక్కడే పడుకోబెడదామన్నాడు. తెలివైన మాటే. ఎవరికీ ఏ గదీ గుర్తు రాదు. అక్క అడిగిన సంగతి నలుగురికే తెలుసు, అందులో ఒకరు అక్కే.

తోబుట్టువుని గనక నా మాట అడిగారు. లేచి నిలబడ్డాను. మామూలుగా నేను లేచానంటే అందరూ సర్దుకుని కూర్చుంటారు, తొందరగా కూర్చోనని తెలుసు. ఇవాళ ఒక్క ముక్క అన్నాను. "కింది గదిలో, ఇత్తడి మంచం మీద. తను అడిగింది."

కేప్ కోస్ట్ పెద్దాయన ఒకాయన, కింది గది అంటే ఏది అన్నాడు. ఉప్పు గది అని నోటి చివరి దాకా వచ్చింది. "మా ముత్తవ్వ గది" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆయన ఇంట్లో కూడా అలాంటి గది ఉంటుంది.

తవియా నాతో మాట్లాడ్డం మానేశాడు.

సెప్టెంబర్ 5, బుధవారం

ఎవురామాకీ, మా ఆడవాళ్ళకీ యుద్ధం. గదికి సున్నం వేసి, గోడలకి మేకులు కొట్టి లేసు తెరలు కట్టాలని వీళ్ళు. ఆ గోడ మీద ఒక్క మేకు పడినా ఒప్పుకోనని ఆమె. కారణం చూపించింది. గడప పక్కన, లోపలి గోడకి కింద, మట్టి నున్నగా అరిగి ఉంది, మనిషి వీపు ఆనినంత మేర. గడియ పెట్టిన తలుపు పక్కన ఏళ్ళ తరబడి ఎవరో కూర్చున్నారు. సున్నం వేస్తే అది పోతుంది.

మా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి ఆ అరుగుదలలో చెయ్యి పెట్టి చూశారు. తర్వాత వాళ్ళే తేల్చారు: గోడకి తగలకుండా వెదురు గుంజలు నిలబెట్టి, వాటికి తెరలు కట్టాలి. ఆ మూల మాత్రం తెర వెయ్యకూడదు.

నేను కూడా గదిలోకి వెళ్ళాను. చల్లగా ఉంది. ఉప్పు వాసనేమీ లేదు.

సెప్టెంబర్ 13, గురువారం

మంచం విప్పి కిందికి దించాం. పైవాళ్ళు కిందవాళ్ళని తిట్టారు, కిందవాళ్ళు పైవాళ్ళని తిట్టారు, మంచం మాత్రం గీత పడకుండా దిగింది. బిగిస్తుంటే తవియా వచ్చాడు. పిలవలేదు. చొక్కా తీసి పక్కన పెట్టి, నాలుగో కాలు పట్టుకున్నాడు.

సెప్టెంబర్ 15, శనివారం

అంతా రాయాలి.

తెల్లవారేసరికి అక్కని పడుకోబెట్టారు. నిండు వయసులో పోయింది గనక అందరం తెలుపూ నలుపూ కట్టాం. తనకి మాత్రం మా నేత కెంటే పట్టు. ఆ చిన్న గదిలో ఇత్తడి మెరుస్తుంటే ఇల్లంతా అక్కడికే వచ్చి కూర్చున్నట్టుంది. హాల్లో ఉండగా ఆ మంచం ఎప్పుడూ అంత పెద్దగా కనిపించలేదు. ఊరు వరస కట్టింది. వీధి చివరి దాకా, కోట గోడ దాకా. కోట చూడ్డానికొచ్చిన బస్సువాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు. మా ఇంటి ముందు ఇంత జనాన్ని నా జన్మలో చూడలేదు.

కేప్ కోస్ట్ శాఖవాళ్ళు ముందు వరసలో. ఎవురామా గుమ్మం పక్కన, నల్లబట్టల్లో, గోడకి ఎవరూ ఆనుకోకుండా చూస్తూ. ఏడుస్తోంది, అయినా చూస్తోంది. బ్యాండు ఆగాక మైకు నా చేతికిచ్చారు. పోయినామె పుట్టు పూర్వోత్తరాలు తోబుట్టువే చెప్పాలి.

రాసుకున్న కాగితం జేబులోనే ఉంచేశాను.

"ఈ గదిలో మా ముత్తవ్వ ఉండేది" అన్నాను. "ఆమె పేరు అయువో. ఉత్తరాన దగాబా దేశపు పిల్ల. అంపియా ఆమెని కొన్నాడు, ఈ తలుపుకి బయట గడియ పెట్టాడు. ఆమె కూతుళ్ళూ, మనవరాళ్ళూ, మునిమనవరాళ్ళూ ఈ ఇంటిని పడిపోకుండా కాపాడారు. వాళ్ళలో ఆఖరిది మా అక్క అరబా మన్సా. తన గదిలో తను పడుకుంది. ఈ మాట తనే చెప్పుకుంటానంది, తన తరఫున నేను చెప్పాను."

కేప్ కోస్ట్ పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తవియా నేల చూస్తున్నాడు. మైకు ఎవరికివ్వాలో తెలియక పట్టుకునే ఉన్నాను.

అప్పుడు వరసలోంచి అటంగా బయటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వని మొహం, ఆ ఇన్‌స్పెక్టరే. అతను వచ్చినట్టే నాకు తెలియదు. నేరుగా మంచం దగ్గరికెళ్ళి, అక్క మొహం మీదికి వంగి, గట్టిగా, వీధంతా వినేలా మొదలుపెట్టాడు.

"ఓసి దొంగముసలీ, దగాబా దానివని ముందే చెప్పొద్దూ? దూలాలు చూడ్డానికొచ్చిన రోజే నీ పని పట్టేవాణ్ణి." జనం వైపు తిరిగాడు. "చూశారా దీని దర్జా? పట్టుబట్టా, ఇత్తడి మంచమూ. వీళ్ళ జాతే అంత. కుక్కని కోసుకుందాం రమ్మని మమ్మల్ని పిలుస్తారు, తలకాయ మాత్రం ఎత్తుకుపోతారు. మా తాతల నాటి తల ఇంకా రావాలి. అదిచ్చేదాకా శవాన్ని గడప దాటనివ్వను." అని గడపకి అడ్డంగా, కాళ్ళు బారజాపుకుని నేల మీద కూర్చున్నాడు.

మా కుర్రవాళ్ళు ఇద్దరు అతని మీదికి రాబోయారు. ఎవురామా చెయ్యి అడ్డం పెట్టి, నా చెవిలో చెప్పింది. ఫ్రఫ్రావాళ్ళకీ దగాబావాళ్ళకీ మేలమాడే వరస. తరతరాలుగా కుక్కతలకాయ గురించి తిట్టుకుంటారు. చావింట మరీను. తిట్టేవాడు రాకపోతే ఆ చావుకి మర్యాద లేనట్టు. బయటివాళ్ళని తిట్టరు, సొంతవాళ్ళనే.

వెనకెక్కడో గంజి అమ్మే ఉత్తరాది ఆడమనిషి ఒకతె కేరింత కొట్టి, "వదలకు, తలకాయ తీసుకునే కదులు" అని అరిచింది.

అటంగా నా వంకే చూస్తున్నాడు. జవాబు ఇంటివాళ్ళు చెప్పాలి. ఆ ఇంటివాణ్ణి నేను. నూటయాభై ఏళ్ళుగా ఈ తిట్టు మా గుమ్మం వెతుక్కుంటూ తిరిగింది, ఇవాళ దొరికింది.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. "ఆ తల మా అయువో దారిలోనే తినేసింది. మీ ఊరి మీదుగానే నడిపించుకొచ్చారు కదా, మీలో ఒక్కడు పిడికెడు గంజి పోశాడా? నీకని తోక దాచి ఉంచింది. నమలడానికి పళ్ళున్నాయా?"

ముందు నవ్వింది గంజి అమ్మే ఆమె. తర్వాత గ్లాడిస్. ఆ తర్వాత వీధంతా. తవియా తల వంచుకునే భుజాలు కదిలేలా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. కేప్ కోస్ట్ పెద్దాయన నవ్వలేదు, కానీ లేచి వచ్చి మంచం ముందు చెప్పులు విడిచాడు.

అటంగా లేచి చొక్కా దులుపుకున్నాడు. వెళ్ళబోయే ముందు అక్క చేతి మీద చెయ్యి వేసి, వాళ్ళ భాషలో నెమ్మదిగా ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. అడగలేదు. అది వాళ్ళిద్దరి మాట.

సెప్టెంబర్ 17, సోమవారం

కేప్ కోస్ట్ వాళ్ళు పెద్దరికం విషయమై మాట్లాడాలని కబురు పంపారు. తవియా కొత్త చెప్పులు తుడుచుకుంటున్నాడు, వెళ్తాడట, దాచేదేమీ లేదు కాబట్టి మాట్లాడ్డం తేలికంటున్నాడు. కుర్చీ ఉంటుందో పోతుందో తెలియదు.

మధ్యాహ్నం కోట బస్సు మా గుమ్మం ముందు ఆగింది. ఆడవాళ్ళే ఎక్కువ. అయువో గది ఏదని అడిగారు, పేరు పెట్టి. చూపించాను. ఒకావిడ ఆ అరిగిన మట్టి దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను కథలేవీ చెప్పలేదు. అడిగితే అక్క చెప్పినంతే చెప్పాను.

రెండు రోజులుగా ఏ పని చేస్తున్నా ఇంకా మంచి జవాబులు తడుతున్నాయి. శనివారం చెప్పినది చప్పగా ఉంది. అక్కయితే ఎదుటి మనిషి మళ్ళీ లేవకుండా తిట్టేది. దూలాలకి ఒప్పుదల వచ్చింది, పని చూడ్డానికి అటంగా వచ్చే నెల వస్తాడట. ఈసారి వాడు గడప మీద కాలు పెట్టేలోపే అందుకుంటాను. ముందు తిట్టే వంతు నాది.